ఏడొందల యాభై దగ్గర ఒక గుట్ట

భౌతికశాస్త్రంలో నాకు బాగా ఇష్టమైన కణం అసలు లేదు. దానికి ఒక ఖాయమైన పేరంటూ పెట్టలేదు, బరువుని బట్టి అందరూ ‘ఏడొందల యాభై’ అనే పిలిచారు. 2015 డిసెంబర్ 15న సెర్న్‌లో పుట్టి, ఎనిమిది నెలలు కూడా నిండకుండానే 2016 ఆగస్టు 5న షికాగోలో పోయింది.

అంతకు మూడేళ్ల ముందు హిగ్స్ బోసాన్ దొరికింది. అందరితోపాటు నేనూ సంబరపడ్డాను గానీ, నిజం చెప్పొద్దూ, ఏదో వెలితి. హిగ్స్ గురించి రాసింది 1964లో. అంటే మా నాన్న తరం గీసిన పటంలో ఆఖరి గడిని మా కాలంలో నింపారు, అంతే. ఆ పటంలో డార్క్ మేటర్‌కి చోటు లేదు, గురుత్వాకర్షణకీ లేదు. అందుకే ఎవరూ ఊహించనిది ఒకటి నా బతుకులో బయటపడితే చూడాలని ఉండేది. బీటెక్‌లో చదివిన కాస్త ఫిజిక్స్‌తో ఇంత ఆశ పెట్టుకోవడం కొంచెం అత్యాశే.

బరువైన కణాన్ని నేరుగా చూడలేరు. పుట్టిన మరుక్షణమే విచ్చిపోతుంది. మిగిలిన ముక్కల శక్తినీ దిశనీ కొలిచి, వెనక్కి లెక్కకట్టి, అసలుది ఎంత బరువుందో చెప్తారు. జెనీవా దగ్గర, 27 కిలోమీటర్ల సొరంగంలో, సెకనుకి కోట్లసార్లు ప్రోటాన్ గుంపులు ఎదురెదురు పడతాయి. వాటిలో అప్పట్లో దాచుకున్నవి సుమారు వెయ్యి. (లాగ్ ఫైళ్లతో డిస్కు నిండిపోతోందని గోలపెట్టే మాబోటి వాళ్లం ఇది గోడకి రాసి పెట్టుకోవాలి.) రెండు ఫోటాన్లు వచ్చిన ఘటనల్ని ఏరి, ఏ బరువు దగ్గర ఎన్ని వచ్చాయో గీస్తే, గీత జారుడుబల్లలా నున్నగా కిందికి దిగుతుంది. కణం ఉంటే ఆ జారుడు మధ్యలో ఓ గుట్ట లేస్తుంది. హిగ్స్‌కి 125 జీఈవీ దగ్గర లేచింది. ఈసారి 750 దగ్గర లేచింది. అదీ అట్లాస్, సీఎంఎస్ అనే రెండు వేరువేరు బృందాలకి.

అట్లాస్‌కి 3.6 సిగ్మా, సీఎంఎస్‌కి 2.6. కణం దొరికిందని ప్రకటించాలంటే 5 కావాలి, అంటే ఉత్తి యాదృచ్ఛికంగా అలా జరగడానికి 35 లక్షల్లో ఒక్క అవకాశం ఉండాలి. పైగా 3.6 అన్నది 750 దగ్గర మాత్రమే చూస్తే వచ్చే లెక్క. ఇన్ని చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట గుట్ట లేవడంలో వింతేముంది అని అడిగితే, అదే సంఖ్య రెండు దగ్గరికి పడిపోతుంది.

ఈ ‘ఇన్ని చోట్ల వెతికితే’ అన్న ముక్క నాకు ఆఫీసులోనే బాగా అర్థమైంది. నేను ఇంతకుముందు చేసిన కంపెనీలో ఒక బటన్ రంగు మార్చి, సగం మందికి పాతదీ సగం మందికి కొత్తదీ చూపించారు. తేడా ఏమీ రాలేదు. అప్పుడు మేనేజర్, ‘నగరాల వారీగా చూడండి’ అన్నాడు. తర్వాత వయసు వారీగా. తర్వాత ఫోన్ల వారీగా. చివరికి ఏదో ఒక నగరంలో, ఏదో ఒక వయసు వాళ్లలో గ్రాఫ్ లేచింది. ఆ స్లైడ్‌కి చప్పట్లు పడ్డాయి. మళ్లీ కొత్త జనం మీద పరీక్షిద్దామని నేనూ ఇంకొకతనూ అడిగితే, ‘టైం లేదు’ అన్నారు. ఆ రంగు ఇప్పటికీ అలాగే ఉంది. సాహిత్యంలోనూ మనం చేసేది ఇదే. రెండు మంచి కథలు రాగానే కొత్త తరం మొదలైందని వ్యాసం రాసేస్తాం. మూడో పుస్తకం వచ్చేదాకా ఆగం.

సెర్న్ వాళ్లు ఆగారు. ఆ ఆగడం ఎలాంటిదో నేను కొంచెం చూశాను. ఆ ఆర్నెల్లూ రాత్రి డిప్లాయ్‌మెంట్ల మధ్య ఆర్కైవ్ తెరిచి చూసేవాణ్ణి. ‘ఏడొందల యాభై’ మీద రోజూ కొత్త పత్రాలు. మొత్తం ఐదొందలు దాటాయి. హిగ్స్‌కి అన్న అని ఒకరు, ఇంకేదో బరువైన కణం నీడ అని ఇంకొకరు. ఇలాంటి పత్రాలు ఎన్ని వస్తాయో లెక్కగట్టే సూత్రంతో ఒకాయన ఏకంగా ఒక పత్రమే రాశాడు! మధ్యలో, ఏప్రిల్ నెలాఖరున, ముంగిసలాంటి చిన్న జంతువొకటి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర షార్ట్ సర్క్యూట్ చేసి మొత్తం యంత్రాన్నే ఆపేసింది, పాపం అదీ చచ్చిపోయింది.

వేసవిలో కొత్త డేటా వచ్చింది, ముందున్న దానికి నాలుగైదు రెట్లు. అసలు చోట ఏముందో చూడకుండా, పద్ధతంతా ముందే ఖాయం చేసుకుని, ఆ తర్వాతే తెర తీశారు. 750 దగ్గర జారుడు నున్నగా ఉంది. షికాగో సదస్సులో రెండు బృందాలూ వచ్చి, డిసెంబర్‌లో తామే చూపించిన గుట్టని తామే చెరిపేశాయి. తన స్లైడ్‌ని తనే కొట్టేసిన మనిషిని నా ఉద్యోగంలో నేను ఇంతవరకూ చూడలేదు.

ఆ ఐదొందల పత్రాలని తర్వాత చాలామంది ఎగతాళి చేశారు. నాకు నవ్వు రాలేదు. ‘ఉంటే ఏమిటి’ అని ఆలోచించడం సిద్ధాంతకారుల పని, ‘ఉందా’ అని తేల్చడం ఇంకొకరి పని. గొడవంతా ఒకే మనిషి రెండూ చేసి, జీతం కూడా దానిమీదే తీసుకున్నప్పుడు వస్తుంది. అయినా ఆ రోజు నాకు బాధ వేసింది. లేనిదాని కోసం ఎందుకంత దిగులని మా ఆవిడ అడిగితే, ఎవరూ ఊహించనిది కాబట్టి అన్నాను. ఆమెకి నచ్చలేదు ఆ జవాబు.

1976లో ఫెర్మీల్యాబ్‌లో లియాన్ లెడర్‌మన్ బృందానికి 6 జీఈవీ దగ్గర ఇలాగే గుట్ట కనిపించింది. ఉప్సిలాన్ అని పేరు కూడా పెట్టేశారు. మరికొంత డేటా రాగానే అది కరిగిపోయింది. తోటివాళ్లు ఆయన పేరు కలిపి ‘ఊప్స్ లియాన్’ అని ఏడిపించారు. మరుసటి ఏడాది అదే బృందానికి 9.5 దగ్గర ఇంకో గుట్ట లేచింది, అది కరగలేదు. బాటమ్ క్వార్క్ జాడ అలా దొరికింది. పాత పేరు ఖాళీగానే ఉంది కదా, దానికే ఉప్సిలాన్ అని పెట్టుకున్నారు.