శునకముల కంతులు: తిరుపతి పశువైద్యశాలలో ఒక ఉదయము

1955లో బాపట్లలో ఆరంభమై, పిమ్మట తిరుపతికి తరలివచ్చి, 2005 నుండి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు అంగమై వర్ధిల్లుచున్న పశువైద్య కళాశాలలో పాడిపశువులకు జరుగు చికిత్స రైతులోకమునకు సుపరిచితమే; కాని శునకముల చర్మముపై పుట్టు కంతులను అచ్చటి వైద్యులు ఏరీతిని శోధింతురో, దేనిని కోయుదురో, దేనిని కోయక విడుతురో కన్నులార చూడవలెనను కోరికతో నేనచ్చటికి పోయితిని. ఇంటి కుక్క ఒంటిమీద గడ్డ కనబడినపుడు మనవారు రెండు విధములుగా ప్రవర్తించుట నేను చిరకాలముగా చూచుచున్నాను. కొందరు అది రాచపుండేయని తలచి, ఆ ప్రాణి ఇక దక్కదని కన్నీరు పెట్టుకొందురు. కొందరు కొవ్వుగడ్డయని నొక్కిచూచి యేండ్ల తరబడి ఊరకుందురు. ఆ భయమునకు గాని ఈ నిశ్చింతకు గాని వ్రేళ్ళ స్పర్శ తప్ప వేరొక ఆధారము లేదు.

నేను చేరునప్పటికి శస్త్రచికిత్స చేయు వైద్యురాలు ఒకరు విద్యార్థులతో పరీక్ష ప్రారంభించియుండిరి. ఆమె ప్రతి కుక్కను ముక్కు మొదలు తోకకొన వరకు రెండు చేతులతోను వెండ్రుకలకు ఎదురుగా నిమిరి, యజమాని చూపిన కంతినే గాక ఆతడెరుగని వానిని గూడ వెదకి పట్టి, కాగితముపై గీసిన శునకాకృతిలో వాని స్థానములు గుర్తించి, పొడవు వెడల్పులు కొలిచి, తేదీతో వ్రాయించుచుండిరి. ఒక సెంటీమీటరునకు మించి పెరిగి, నెలనాళ్ళు నిలిచిన ప్రతి కంతికిని సూదిపరీక్ష జరుగవలసినదేయని ఆమె నియమము. ఒకరు కంతియని చూపినది నిండుగా రక్తము త్రాగిన పిడుదు కాగా, విద్యార్థి దానిని పట్టకారుతో లాగివైచి ఆ కుక్కను పంపివేసెను.

విశ్రాంత ఉపాధ్యాయిని ఒకామె తెచ్చిన ముసలి లాబ్రడార్ చెంత నేను చాలసేపు నిలిచితిని. దాని రొమ్ముప్రక్క చర్మము క్రింద పిడికిలంత మెత్తని గడ్డయు, వెనుకతొడపై అంతకంటె చిన్నది మరియొకటియు ఉండెను. మొదటిది కొన్నియేండ్లుగా ఉన్నది, రెండవది కొత్తది.

“ఇది కొవ్వుగడ్డేనని అందరూ చెప్పారమ్మా. ఆ తొడ మీదది కూడా అలాంటిదే కదా?” అని ఆమె అడిగిరి.

“చేతికి రెండూ ఒకలాగే ఉన్నాయి టీచరుగారూ. లోపల ఏముందో సూదితో చూద్దాం,” అని వైద్యురాలనిరి.

మత్తుమందుతో పనిలేకయే, 22 గేజి సూదిని కంతిలోనికి దింపి, బయటికి తీయక నాలుగు దిక్కులకును త్రిప్పి పొడిచి, సూదిగొట్టమున చిక్కిన అత్యల్ప పదార్థమును సిరంజిలోని గాలితో గాజుపలకపైకి ఊది, వేరొక పలకతో పలుచగా పరచిరి. కుక్క ఒకమారు వెనుకకు తిరిగి చూచెనే గాని మూలుగలేదు. మొదటి పలక ఎంతసేపటికిని ఆరక నూనెవలె మెరయుచుండెను. మిథనాలుతో కూడిన లీష్మన్ రంగు పోసి కడుగగా ఆ జిడ్డు కరగిపోయి, గాజుపై కొలదిపాటి కొవ్వుకణములు మాత్రము మిగిలెను. అది నిస్సంశయముగ కొవ్వుకంతి. రెండవ పలక వెంటనే ఆరినది. సూది గ్రుచ్చినచోట తొడచర్మము అప్పటికే ఎఱ్ఱబారి ఉబ్బుచుండుట కనిపెట్టి, దానిని ఇక నొక్కవలదని వైద్యురాలు విద్యార్థులను వారించిరి. సూక్ష్మదర్శినిలో నన్నును చూడుమనిరి: గుండ్రని కణములు, ఆవాలు కూరిన సంచులవలె, ఊదారంగు రేణువులతో నిండి కిక్కిరిసియుండెను. అవి మాస్ట్ కణములు. వానిలోని హిస్టమిన్ వెలికిరాగా చర్మము వాచుచున్నది. ఆ కణముల కంతి సాధువు కాదు. 1901లో విలియం లీష్మన్ అను స్కాట్లండు వైద్యుడు మలేరియా క్రిమిని రక్తమున చూచుటకై కూర్చిన రంగు, ఈ మూగజీవి తొడలోని రహస్యమును పావుగంటలో బయలుపెట్టుట చూచి నాకు ఒడలు పులకరించినది.

రెండు గడ్డలు, ఒకే చర్మము, ఒకే స్పర్శ. తీర్పులు మాత్రము వేరు. రొమ్ముప్రక్కది కోయబోమనిరి. అది నడకకు అడ్డురాదు, చంకలో వలె ఒరసికొనదు. ముసలిప్రాణికి దానికొరకై మత్తునిచ్చుట అనవసరము. తిండి తగ్గించి బరువు దించినను ఆ కంతి కరగదుగాని, మున్ముందు కోయవలసివచ్చినచో పని సులువగును. మూడునెలలకొకమారు కొలిపించుకొనుట చాలును. తొడమీదిదానిని మాత్రము, దగ్గరి లసికాగ్రంథిని గూడ సూదితో చూచిన పిమ్మట, ముందుగా హిస్టమిన్‌ను అణచు మందునిచ్చి, చుట్టును 2 సెంటీమీటర్ల ఆరోగ్యవంతమైన చర్మముతోను, అడుగున ఒక పొరతోను తొలగించి, 10 శాతపు ఫార్మలిన్‌లో వ్యాధినిర్ణయశాఖకు పంపవలయును. ఆ తల్లి ముఖమున కలవరము కనబడెను, అయినను, “చూడకుండా వదిలేసి ఉంటే!” అని ఆమె పలికిన మాటలో భయముకంటె ఉపశమనమే హెచ్చుగా నాకు వినబడెను.

పిదప వచ్చిన కూనల విషయము శీఘ్రముగ ముగిసినది. ఏడాది నిండని ఒకదాని చెవిపై ఎఱ్ఱని బొడిపె లేచినది. దానిని కాల్చివేయుడని యజమాని బ్రతిమాలెను. సూదిపరీక్షలో అది హిస్టియోసైటోమా యని తేలినది. పడుచుకుక్కలలో పుట్టు ఈ కంతిని దేహమునందలి రక్షకకణములే సాధారణముగ రెండుమూడు నెలలలో తినివేయును గనుక, వానిని మందగింపజేయు స్టిరాయిడ్ లేపనములు పూయవలదని మాత్రము చెప్పిరి. వేరొక కూన నోటినిండ పులిపిరులుండెను. అవి వైరస్ వలన కలిగినవి, ఇతర కూనలకు అంటును, తమంత తామే రాలును. అంతవరకు దాని గిన్నె వేరుగా నుంచవలయును. మందు వ్రాయకుండుటకు గూడ ఎంతటి నిర్ధారణ కావలయునో నాకు అచ్చట తెలిసినది. రోగమెరిగి ఊరకుండుట వేరు, ఎరుగక ఊరకుండుట వేరు.

చంద్రగిరి ప్రాంతపు రైతు ఒకడు, వయసు మళ్ళిన తన నాటుకుక్కను బండిపై తెచ్చెను. దాని మలద్వారము చుట్టును కంతులు. ఒకటి చిట్లి రసికారుచుండెను. ఎవరో చెప్పగా సున్నము, చాకలిసోడా కలిపి పూసినందున చుట్టుపట్ల చర్మమంతయు పొక్కిపోయినది. ఆ దృశ్యము చూచి నాకు కలిగిన బాధ ఇంతింతయనరాదు; ఆ మనుష్యునికి కుక్కయెడ ప్రేమ లేక చేసినపని గాదది, చెప్పువారు లేక చేసినది. సూదికి చిక్కిన కణములు కాలేయకణములను పోలియుండెను. మలద్వారము చుట్టునుండు గ్రంథులు పురుషహార్మోను బలముచే పెరిగి, బీజములు తీయని ముసలి మగకుక్కలలో ఇట్టి కంతులగును. బీజములు తొలగించినచో చిన్నవి చాలవరకు కొన్నినెలలలో తామే అణగును, పుండుపడినదానిని మాత్రము అదే సమయమున కోసివేయుదురు.

“ఇది తోటకు కావిలి కాసేది మ్మా. బీజాలు తీసేస్తే ఇంక కావిలికి పనికొస్తాదా?” అని ముసలాయన సందేహించెను.

“కావలి బుద్ధి ఎక్కడికీ పోదు తాతా. ఊరి మీద తిరుగుడు తగ్గుతుంది, అంతే. పుండు మీద ఇంకేమీ పూయొద్దు, ఈగలు వాలకుండా చూసుకో.”

ఆయన కొంతసేపు ఆలోచించి సరేననెను. పుండును ఉప్పునీటితో కడిగి, రక్తపరీక్షకు వ్రాసి, సోమవారము ప్రాతఃకాలమున పరగడుపున తీసికొనిరమ్మనియు, ముందటిరాత్రి ప్రొద్దుపోయిన పిదప కూడు పెట్టవలదనియు చెప్పి, వైద్యురాలు తరువాతి కుక్కను బల్లపైకి ఎక్కింపుడనిరి.