బ్యాంకాక్ బజారులో మన గుంత పొంగణాలు!

"బండి దగ్గర నిలబడి తినడమేమిటి, మనకి ఇల్లు లేదా?" మావారు పెళ్ళయిన దగ్గర్నుంచీ అంటున్న మాట ఇది. మీ ఇంట్లోనూ ఇలాంటి మాట ఒకటి ఉండే ఉంటుంది లెండి. అలాంటి మనిషిని బ్యాంకాక్‌లో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి నాలుగు రోజులు వీధి తిండి తినిపించుకొచ్చానంటే మీరు నమ్మాలి మరి!

మాది విశాఖపట్నంలో యారాడ. మూడువైపులా కొండలు, నాలుగోవైపు సముద్రం. ఆదివారం వస్తే చాలు, కొండ దిగి కార్లూ బైకులూ వరస కట్టేస్తాయి. ఆ జనాన్ని చూసినప్పుడల్లా చిన్న టిఫిన్ బండి పెట్టుకుంటే బాగుండునని నాకు ఎన్నాళ్ళనుంచో కోరిక. ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని, నా చేతిలో ఉన్న విద్యల్లా వంటే కదా! ఒకసారి నోరు విప్పి అడిగితే "పరువు పోతుంది" అన్నారు. ఆ మాట అక్కడితో అటకెక్కింది.

2024 ఏప్రిల్‌లో మా విశాఖ నుంచి బ్యాంకాక్‌కి తిన్నగా విమానం మొదలైంది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి మే నెలకి ముగ్గురికీ టిక్కెట్లు కొనేసింది. అప్పట్లో మనవాళ్ళని వీసా లేకుండానే 30 రోజులు ఉండనిచ్చేవారు. నేను మాత్రం పులిహోర, జంతికలు, కొత్తావకాయ సర్దుకున్నాను. పరాయి దేశంలో పస్తులుండాలేమోనని భయం!

దిగింది సీలోమ్ అనే పేటలో. పక్కనే తమిళులు కట్టించిన మహామారియమ్మన్ గుడి. గుడి ముందు బంతిపూల దండలు చూడగానే నాకు సగం బెంగ తీరిపోయింది. మిగతా సగం తీర్చింది ఆ సందు మొదట్లో ఉన్న బండి. ఒకావిడ, నా ఈడే ఉంటుంది, గుంతల పెనంలో తెల్లటి పిండి పోస్తోంది. "ఇవి మన పొంగణాలే!" అని పైకే అరిచేశాను.

వాటిని అక్కడ 'ఖనోమ్ క్రోక్' అంటారు. మనలా మినప్పప్పు వెయ్యరు, పులియబెట్టరు. బియ్యప్పిండి, కొబ్బరిపాలు, అంతే. గుంతలో ముందు పల్చటి పిండి పోసి, అంచులు కరకరలాడుతుండగా మధ్యలో తీపి కలిపిన చిక్కటి కొబ్బరిపాలు పోస్తారు. పైన ఉల్లికాడలో, మొక్కజొన్న గింజలో చల్లి మూత పెడతారు. ఉడికాక చెంచాతో తీసి, రెండింటిని ఒకదానికొకటి అతికించి ఇస్తారు. పైన కరకర, లోపల జున్నులా మెత్తన. కాసేపు ఆగి తినండి, లేకపోతే నా నాలుకలా మీదీ కాలుతుంది.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఆవిడ పిండి పోస్తుంటే ఆవిడ భర్త వెనకాల బకెట్టు దగ్గర కూర్చుని గిన్నెలు కడుగుతున్నాడు. నేను మావారి వంక చూశాను. ఆయన పక్కనున్న కరెంటు స్తంభం వంక చూశారు.

నామోషీ పడుతూనే మొదటి రోజు నాలుగు తిన్నారు. మర్నాడు నేను లేచేసరికే కిందికి దిగి ఆ బండి దగ్గర ఉన్నారు!

అక్కడ మనలాగే వరసలు పెట్టి పిలుచుకుంటారు. 'పీ' అంటే అక్క. ఆవిడ నన్ను "పీ" అంటే నేనూ ఆవిడని "పీ" అన్నాను. మిగతా మాటలన్నీ మా అమ్మాయి ఫోనే మాట్లాడింది. ఆ ఊళ్ళో చాలా అద్దె గదులకి వంటిల్లే ఉండదట! సాయంత్రం ఉద్యోగాల నుంచి వచ్చే ఆడవాళ్ళు బండి దగ్గర ఆగి కూర, అన్నం ప్లాస్టిక్ సంచుల్లో రబ్బరు బ్యాండు వేయించుకుని పోతున్నారు. పూట పూటకీ పొయ్యి వెలిగించక్కర్లేని ఆడవాళ్ళని చూస్తే, నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం ఈర్ష్యగానే అనిపించింది.

ఇక 'సోమ్ తమ్'. అదీ మన రోటి పచ్చడికి చెల్లెలే. రోట్లో వెల్లుల్లి, మిరపకాయలు, తాటిబెల్లం, నిమ్మరసం, వేయించిన వేరుశెనగ, ఎండు రొయ్యలు వేసి, సన్నగా తరిగిన పచ్చి బొప్పాయితో కలిపి దంచుతారు. అందులో పోసే 'నామ్ ప్లా' వాసనకి మా అమ్మాయి ముక్కు మూసుకుంది. నేను మాత్రం గుర్తుపట్టాను. నెత్తళ్ళలాంటి చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే రసం అది. మా ఊళ్ళో ఇసకలో ఎండబెట్టిన నెత్తళ్ళ మీదుగా వీచే గాలి ఇలాగే ఉంటుంది.

శాకాహారులు జాగ్రత్తపడాలి. ఈ రసం అక్కడ కూరగాయల వంటల్లోనూ పోసేస్తారు. పసుపు పచ్చ జెండా మీద ఎర్ర అక్షరాలున్న 'జే' బండి వెతుక్కోండి. అక్కడ చేపా మాంసమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. కారం వద్దంటే "మై ఫెట్" అనాలి. మేము ఆంధ్రావాళ్ళం కదా అని నేను అనలేదు. అనవలసింది!

రాత్రి యావొరాట్ అనే చైనావాళ్ళ బజారుకి వెళ్ళాం. బండ్ల కన్నా ముందు నాకు బంగారం కొట్లే కనబడ్డాయి, ఎర్రటి గోడలతో వరసగా. వాళ్ళ డబ్బుకీ బాత్ అనే పేరు, బంగారం తూకానికీ బాత్ అనే పేరు. తూకంలో బాత్ అంటే 15 గ్రాముల పైచిలుకు. మావారు నా చెయ్యి పట్టుకుని గబగబా మామిడిపండు బండి దగ్గరికి లాక్కుపోయారు. కొబ్బరిపాలు కలిపిన బంక బియ్యపన్నం, పక్కన తియ్యటి మామిడి ముక్కలు. వేసవి కాబట్టి పండు అమృతమే. పురుగుల వేపుడు బండి కూడా ఉంది. దాని గురించి నన్నడగకండి.

వచ్చేముందు నేను కొన్నది ఒక్కటే, ఇనప గుంతల పెనం. "ఇంత బరువా" అని సణుగుతూ మావారే మోశారు. విమానంలో ఉన్నట్టుండి "ఆవిడ వాయకి ముప్ఫై తీస్తోంది, గంటకి ఎన్ని వాయలు తీస్తుందంటావు?" అన్నారు. నేను నిద్ర నటించాను.

ఇంటికొచ్చి అరడజనుసార్లు తగలేశాక కొలత కుదిరింది. రెండు గ్లాసుల బియ్యం రాత్రి నానబెట్టి, గుప్పెడు అన్నం కలిపి మెత్తగా రుబ్బి, పల్చటి కొబ్బరిపాలతో జారుగా చేసి, చిటికెడు ఉప్పు వెయ్యండి. పైన పోసే చిక్కటి పాలలో పంచదారతోపాటు ఉప్పు కూడా ఉండాలి, అదే కిటుకు.

ఆ ఏడు కార్తీకమాసంలో పిక్నిక్కులకి జనం వచ్చే ఆదివారాల్లో కొబ్బరిచెట్టు కింద ఓ బల్ల, గ్యాసు పొయ్యి పెట్టాను. ఈసారి నేను అడగలేదు, ఆయన వద్దనలేదు. కాకపోతే మొదటి ఆదివారం పొద్దున్నే గాజువాకలో పనుందని వెళ్ళిపోయారు. పిండి సగం మిగిలిపోయింది. "ఇదేంటి, తెల్ల పొంగణమా?" అని చూసి పోయేవాళ్ళే. రెండో ఆదివారం పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసినవి కూడా మొదలెట్టాను. మధ్యాహ్నానికి పిండి అయిపోయింది. ఆరోజూ ఆయనకి గాజువాకలో పనే.

మూడో ఆదివారం పనేమీ లేదన్నారు. బకెట్టు తీసుకుని నా వెనకాలే వచ్చారు.