వాంకాయినాలో వంకాయ లేదు!

దూరదేశం ప్రయాణమంటే మనలో చాలామందికి ముందుగా పట్టుకునే బెంగ ఒకటే - అక్కడ తినడానికేం దొరుకుతుంది? దక్షిణ అమెరికాలోని పెరూ అంటే ఆ బెంగ రెట్టింపవుతుంది. పచ్చి చేపముక్కల్ని నిమ్మరసంలో నానబెట్టి తినే 'సెవిచె' వాళ్ళ పేరుపడ్డ వంటకం మరి! 2023లో యునెస్కో గుర్తింపు కూడా పొందింది. అయినా శాకాహారులు పస్తులుండక్కర్లేదు.

రాజధాని లిమాలో మధ్యాహ్నం పూట ఏ చిన్న హోటల్లోనైనా 'మెను' అడగండి. అది ధరల పట్టీ కాదు సుమా, మన మీల్స్ లాంటిదే. ముందు సూపో, చిరువంటకమో. తర్వాత అసలు వంటకం, తాగడానికేదైనా. ఊదారంగు మొక్కజొన్నని అనాసపండు చెక్కు, దాల్చినచెక్క, లవంగాలతో మరిగించి చల్లార్చిన 'చిచా మొరాదా' ఉంటే వదలకండి. అందులో మత్తేమీ ఉండదు.

చిరువంటకాల్లో 'పాపా ఆ లా వాంకాయినా' అని కనిపిస్తుంది. వంకాయ కూర అనుకునేరు! వాంకాయో అనేది ఆండీస్ కొండల్లో ఓ ఊరు. 'పాపా' అంటే బంగాళాదుంప. ఉడికించిన దుంప చక్రాల మీద జున్ను, పాలు, మిరపకాయ కలిపి రుబ్బిన పచ్చని ముద్ద పోసి ఇస్తారు. పైన గుడ్డుముక్క పెడతారు, వద్దనుకుంటే ముందే చెప్పండి.

ఇంకో మాట. 'సిన్ కార్నే' అంటే మాంసం లేకుండా అని. కానీ 'కార్నే' అంటే చాలామందికి పశుమాంసమే. అందుకని 'సిన్ పోయో, సిన్ పెస్కాదో' - కోడి, చేప కూడా వద్దని విడిగా చెప్పాలి.

కూరలేవీ లేనిరోజున మనం బంగాళాదుంప వేయిస్తాం. పెరూలో దానికి మే 30న పండగే చేస్తారు! వేలరకాల దుంపలున్న దేశమది. కొండల మీద గడ్డకట్టే చలిలో రాత్రంతా దుంపల్ని ఆరుబయట పరిచి, పగలు కాళ్ళతో తొక్కి నీరు తీసి, ఎండబెడతారు. ఆ 'చూన్యో' ఏళ్ళతరబడి నిలవుంటుంది. పంట పోయిన ఏడాది పిల్లల కడుపు నింపేది అదే. మన ఒరుగులు గుర్తొస్తున్నాయి కదూ!

వాంకాయినా రుచి చూడాలంటే పెరూయే వెళ్ళక్కర్లేదు. రెండు పండుమిరపకాయలు గింజలు తీసి, చిన్న ఉల్లిపాయతో కాస్త నూనెలో మగ్గించండి. వంద గ్రాముల పనీర్, అరకప్పు కాచిన పాలు, నాలుగు ఉప్పుబిస్కెట్లు, చిటికెడు పసుపు, తగినంత ఉప్పు కలిపి మెత్తగా రుబ్బండి. చల్లారిన దుంప చక్రాల మీద పోసి వడ్డించండి. పేరు మాత్రం తిన్నాకే చెప్పండి. లేకపోతే వంకాయ ఏదని మీవారు పళ్ళెమంతా వెతుకుతారు!