టైల్స్‌కి రంగేశాం, ఆ ఒక్క గోడ వదిలేశాం



మొన్న ఎండాకాలం సెలవుల్లో పాత విద్యార్థులం తొమ్మిదిమందిమి కలిసి, మేం చదువుకున్న హాస్టల్‌లో ఆడపిల్లల బాత్‌రూమ్ టైల్స్‌కి రంగేశాం. ఫొటోలు చూసి "అది ఊడిపోదా అన్నా?" అని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఇంత పొడుగు పోస్టు. హాస్టల్ పేరు రాయట్లేదు. చదివితే మీలో సగం మంది మీ హాస్టలే అనుకుంటారు.

గోడలు నల్లగా పాచి పట్టి, లైటేసినా చీకటిగానే ఉండేవి. అందులోకి వెళ్లలేక చెల్లెళ్లు తెల్లారకముందే లేచి బయట కుళాయి దగ్గర స్నానం చేసేవాళ్లు. టైల్స్ మార్చాలంటే పాతవి పగలగొట్టాలి, వెనకున్న ప్లాస్టరింగ్ కూడా ఊడొస్తుంది, అదంతా మళ్లీ చేయాలి. దానికి ఎస్టిమేటు, శాంక్షను, కాంట్రాక్టరు. అవి వచ్చేలోపు ఆ పిల్లల పదో తరగతి అయిపోతుంది.

పనిలో రంగు వేయడం చిన్న భాగం. నాలుగు రోజులు కడగడానికీ గీకడానికే పోయాయి. ఉప్పునీటి తెల్లమరకలకు యాసిడ్, పాచికి బ్లీచింగ్ వాడాం. ఈ రెండూ ఒకేసారి వాడొద్దు, ప్రాణం మీదకొస్తుంది. కలిస్తే వచ్చే గ్యాస్ క్లోరిన్. ఒక రోజు ఒకటి వాడి, బాగా నీళ్లు కొట్టి, ఆరాక ఇంకో రోజు రెండోది వాడాం. తర్వాత వాటర్ పేపర్‌తో ప్రతి టైలూ రుద్దాం. ఆ నున్నటి మెరుపు పోకపోతే రంగు పట్టుకోదు. చేతులు పడిపోయాయి, కానీ ఊడిపోదా అన్న ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది. సందుల్లో వైట్ సిమెంట్ నింపి, పూర్తిగా ఆరాక టైల్స్‌కి పట్టే ప్రైమర్ వేశాం, దాని మీద రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ రంగు పల్చగా రెండు కోట్లు. కలిపింది కాసేపటికే గట్టిపడిపోతుంది కాబట్టి కొంచెం కొంచెమే కలుపుకోవాలి. కిటికీలు తెరిచి, మాస్కులు పెట్టుకోవాలి. తర్వాత వారం రోజులు నీటి చుక్క పడనివ్వలేదు. సెలవుల్లో కాబట్టి కుదిరింది. వానాకాలంలో ఈ పని మొదలుపెట్టొద్దు. నేల టైల్స్ జోలికి పోలేదు: తడి కాళ్లకు జారుతుంది, తొక్కుడికి రంగూ నిలవదు.

మనలో ఒకరు గోడ మీద సవర బొమ్మలు వేద్దామన్నారు. బాగుంటుంది నిజమే. కానీ మాతో వచ్చిన తాత ఒప్పుకోలేదు. "అవి దేవతలకీ పెద్దలకీ మొక్కుకొని గీసేవిరా, స్నానాల గది గోడకా?" అన్నాడు. హోటళ్ల గోడల మీద చూసి చూసి మనకే అది అలంకారంలా అనిపించడం మొదలైంది. తెల్లరంగే వేశాం.

అన్నిటికన్నా ఎక్కువ గొడవ చివరి గోడ దగ్గర జరిగింది. నాణెంతో కొడితే టైల్ డొల్లగా మోగింది. లోపల పైపు కారుతోంది, తేమ వెనక నుంచి వస్తోంది. దాని మీద ఏ రంగూ ఆగదు, ఎలాగూ టైల్స్ తీసి పైపు మార్చాల్సిందే. "పైపైన ఒక కోటు కొడదాం, చూడ్డానికైనా బాగుంటుంది" అన్నవాళ్లూ ఉన్నారు. ఎవరికి బాగుండాలి? తనిఖీకి వచ్చినవాళ్లు తెల్లగోడ చూసి అంతా బాగుందని రాసుకుపోతే, మన చేత్తో మనమే పిల్లల అర్జీ చెరిపేసినట్టు. అందుకే ఆ గోడని అలాగే నల్లగా వదిలేశాం. రంగేయకముందు తీసిన ఫొటోలు, తేదీలతో సహా, అర్జీకి జతచేసి పైఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. పైపు పని ఇంకా మొదలవలేదు.

బడి తెరిచాక చెల్లెళ్లు లోపలే స్నానం చేస్తున్నారు. వచ్చే సెలవుల్లో అబ్బాయిల వైపు వేయాలి. వచ్చేవాళ్లు కింద పేరు రాయండి, గీకడానికి పాత చాకు ఒకటి తెచ్చుకోండి.