నీటిరంగుల బొమ్మ ఏ పద్దులో రాయాలి?

ముంచింగిపుట్టులో ఉద్యోగం చేస్తూ జీతంలో కాస్త మిగుల్చుకునే గిరిజనేతరుడికి అక్కడ భూమి అనే దారి మూసుకుపోయి ఉంటుంది. వన్ ఆఫ్ సెవెంటీ అని అందరూ పిలిచే 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ ఏజెన్సీలో అతన్ని సెంటు నేల కూడా కొననివ్వదు. ఆ చట్టం ఉండాల్సిందే, దానిమీద నాకు తగవు లేదు. ఇక మిగిలేవి బ్యాంకు, పోస్టాఫీసు, బంగారం. వీటికి తోడు పేరున్న చిత్రకారుడి అసలు బొమ్మ కూడా పెట్టుబడేనని చెప్పేవాళ్లున్నారు. గోడకు అందం, ఏళ్లు గడిచేకొద్దీ ధర, బదిలీ అయితే చంకన పెట్టుకుని పోయే వెసులుబాటు: వినడానికి బాగానే ఉంటుంది. నా లెక్కల పుస్తకంలో మాత్రం బొమ్మకు పెట్టిన డబ్బు ఖర్చు కిందే పడుతుంది. ఆస్తుల జాబితాలో దాని విలువ సున్నా. బొమ్మంటే చిన్నచూపు ఉండి ఇలా రాసుకోవడం లేదు. అమ్మాల్సి వచ్చిన రోజు ఏం జరుగుతుందో ముందే లెక్క వేసుకోవడం వల్ల రాసుకుంటున్నాను.

ఒక ఉదాహరణ చూద్దాం. తెలుగువాళ్లకు బాగా దగ్గరైన ఆధునిక బ్రిటిష్ చిత్రకారుడు ఎవరంటే ఆస్వాల్డ్ కూల్డ్రే అనాలి. 1882లో పుట్టి 1958లో కన్నుమూసిన ఆయన రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. చిత్రకారుడు దామెర్ల రామారావు చేతిలోని విద్యను గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్ దారి పట్టించింది ఆయనే. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. ఆ కాలంలో ఆయన గోదావరిని నీటిరంగుల్లో వేసిన కాగితం ఒకటి ఏ పాత పెట్టెలోనో దొరికిందనుకుందాం. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చిత్రం పురావస్తువు అవుతుంది. దాన్ని రిజిస్టరు చేయించాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. కొనే ఆసక్తి ఇంగ్లండులో ఎవరికైనా ఉన్నా సరుకు అక్కడికి చేరదు. పోనీ, ఆయన స్వదేశం వెళ్లాక వేసిన బొమ్మను అక్కడినుంచి తెప్పిద్దామంటే రవాణా, సుంకం, పన్ను నెత్తిన పడతాయి. రాజమండ్రిలో ఆయన పేరు చెబితే చేతులు జోడించేవాళ్లున్నారు నిజమే. కానీ దండం పెట్టేవాళ్లంతా చెక్కు రాయరు. దామెర్ల సంగతి ఇంకా స్పష్టం. 1925లో, 28 ఏళ్లయినా నిండకుండా పోయిన ఆయన చిత్రాల్లో ఎక్కువ భాగం రాజమండ్రిలోని ఆయన పేరిటి గ్యాలరీలోనే ఉన్నాయి. అమ్మకాలే లేనప్పుడు మార్కెట్ ధర అనేదాన్ని ఎక్కణ్నుంచి తెస్తాం?

అమ్మకాలు జోరుగా సాగే పేర్ల దగ్గరా లెక్క తేలిక కాదు. లండన్‌లోని పెద్ద వేలం సంస్థలు సుత్తి పడిన ధర మీద కొన్నవాడి దగ్గర పావు వంతుకు పైనే రుసుము తీసుకుంటాయి. సుత్తి ధర 100 అయితే 126 చెల్లించామనుకోండి. తిరిగి అమ్మేటప్పుడు 10 శాతం కమిషన్ పోతుందనుకుంటే, పెట్టిన 126 చేతికి రావడానికే సుత్తి 140 దగ్గర పడాలి. అదే 126ను 7 శాతం వడ్డీకి అయిదేళ్లు బ్యాంకులో ఉంచితే దాదాపు 177 అవుతుంది. బొమ్మ దానితో సమానం కావాలంటే సుత్తి ధర అయిదేళ్లలో 196కు, అంటే ఇంచుమించు రెట్టింపుకు చేరాలి. ఇందులో ఫ్రేము, బీమా లెక్క వేయలేదు.

ప్రభుత్వమే బొమ్మను ఆస్తిగా చూస్తుంటే నువ్వు ఖర్చంటావేమిటని అడగొచ్చు. మంచి ప్రశ్నే. ఇంట్లో వాడుకునే బీరువా, టీవీ వంటివి లాభానికి అమ్మినా మూలధన లాభాల పన్ను లేదు. 2007 బడ్జెట్‌తో చిత్రాలను ఆ మినహాయింపు నుంచి తప్పించారు. 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం కట్టాలి. అయితే పన్నుశాఖకు బొమ్మ గుర్తొచ్చేది లాభం వచ్చిన రోజునే. కొనేవాడే దొరకని బొమ్మ సంగతి వాళ్లకెందుకు?

అసలు చిక్కు ముంచింగిపుట్టు లాంటి మన కొండల మీద ఉంది. నీటిరంగుల్ని కాగితానికి పట్టి ఉంచేది తుమ్మజిగురు. కాగితానికి పూసే సరేసు, ఆ జిగురు, రెండూ బూజుకు ఇష్టమైన తిండే. జోలాపుట్టు జలాశయం దాపున, వానాకాలం నెలల తరబడి ముసురు, చలికాలం పొద్దెక్కేదాకా మంచు ఉండే చోట గోడలు చెమ్మగిల్లుతాయి. మ్యూజియాల్లో నీటిరంగుల బొమ్మ మీద వెలుతురు 50 లక్స్ మించనివ్వరు, గాలిలో తేమను సగం దగ్గర నిలుపుతారు. మన ఇంట్లో కిటికీ తీస్తే ఎండకు రంగు వెలుస్తుంది, మూస్తే బూజు పడుతుంది. గోధుమరంగు మచ్చలు పడిన కాగితాన్ని పట్టుకుని వేలానికి వెళితే ఎంత పెద్ద సంతకమైనా సగం బలం కోల్పోతుంది.

బంగారమూ వడ్డీ ఇవ్వదు కదా అంటారు. ఇవ్వదు. కానీ రాత్రి ఆసుపత్రి అవసరం పడితే తెల్లారి దాన్ని తూకం వేసి అప్పిచ్చే బ్యాంకు ఉంది. సంతకు వచ్చిన మిరియాల ధర పదిమందికి తెలుసు, కాఫీకి గిరిజన సహకార సంస్థ ధర చెబుతుంది. బొమ్మకు అలా ధర చెప్పేవాళ్లు లేరు, తాకట్టు పట్టేవాళ్లూ లేరు. ఇంకో అభ్యంతరం బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ పేరుతో వస్తుంది. 1972లో 18 వేల డాలర్లకు అమ్ముడైన ఆయన ఈతకొలను చిత్రం 2018లో న్యూయార్క్ వేలంలో 9 కోట్ల 3 లక్షల డాలర్లు పలికింది. అది నీటిరంగుల బొమ్మ కాదు, యాక్రిలిక్ చిత్రం. ఆ 46 ఏళ్లూ ఒకరి చేతిలోనే లేదు. పైగా ఆ 1972లోనే కొన్న ఎన్ని వేల బొమ్మలు అటకెక్కాయో వార్తల్లో రాదు.

అయితే అసలు కొనొద్దా? ఏడాదికి సరిపడా అత్యవసర నిధి, ఆరోగ్య బీమా ఉన్నాక, పోయినా బాధపడని మొత్తంతో కొనొచ్చు. పాత పెద్దల బొమ్మలకు మంచి ముద్రణ చాలు. మన దేశంలో కాపీరైట్ చిత్రకారుడు పోయాక 60 ఏళ్లే కాబట్టి దామెర్ల, కూల్డ్రే ఇద్దరి చిత్రాలూ అందరివీ అయ్యాయి. అసలుదే కావాలంటే బతికున్న తెలుగు చిత్రకారుల దగ్గర కొనండి, కనీసం ఆ డబ్బు వేసిన చేతికి అందుతుంది. బొమ్మ పేరు, ఏడాది, కాగితం రకం రాసిన బిల్లు మీద సంతకం తప్పకుండా తీసుకోండి. ఎప్పుడైనా 10 వేల రూపాయలకు మించి తిరిగి అమ్మితే, మన కాపీరైట్ చట్టం ప్రకారం అందులో ఆ చిత్రకారుడికో వారసులకో వాటా అడిగే హక్కు ఉంటుంది.