నవ్వు – నా చిన్న ప్రయోగం

“నవ్వు నాలుగు విధాల చేటు” అన్నారు పెద్దలు. మా నాయనమ్మకు ఈ సామెత కంఠస్థం. చిన్నప్పుడు నేను ఊరికే పళ్ళికిలిస్తే చాలు, ఇదే అప్పజెప్పేది. ఆ నాలుగు చేట్లేమిటో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. కాని నవ్వు వల్ల మేలేమైనా ఉందా అన్న ప్రశ్న మాత్రం 2023 డిసెంబరులో నన్ను పట్టుకుంది.

ఆ నెల 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను బి.యస్సీ. మొదటి సంవత్సరం. బస్సులు తిరగగానే ఊరికి పరుగెత్తాను. కౌలుకు చేసిన మూడెకరాల్లో కోసి పరిచిన వరి పనలు నీళ్ళలో నానుతున్నాయి. ఇంకో రెండు రోజులుంటే మొలకలొస్తాయి. నాన్న మోకాటి లోతు నీళ్ళలో నిలబడి పనలెత్తి గట్టు మీద వేస్తున్నాడు. నన్ను చూసి నవ్వి, “ఏరా, వచ్చావా? అన్నం తిన్నావా?” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. “ఇంత నష్టం పెట్టుకుని నవ్వెలా వస్తుంది నాన్నా?” అన్నాను.

“ఏడిస్తే చేలో నీళ్ళు తగ్గుతాయంట్రా? ఇంకాస్త పెరుగుతాయి. ప్యాంటు మడిచి దిగు” అన్నాడు.

నాకూ నవ్వొచ్చింది. అంతదాకా గట్టు మీదే బిగుసుకుపోయిన కాళ్ళు కదిలాయి.

కాలేజీకి తిరిగొచ్చాక లైబ్రరీలో కూర్చుని వెతికాను. భావాన్ని బయటికి చూపిన కొద్దీ అది బలపడుతుందని డార్విన్ 1872లోనే రాశాడు. 1988లో కొందరు పరిశోధకులు విద్యార్థుల చేత పెన్నును పళ్ళతో పట్టించి కార్టూన్లు చూపారు. పెదవులతో పట్టుకున్న వారికంటే వీరికి అవి ఎక్కువ నవ్వు తెప్పించాయట. 2016లో 17 ప్రయోగశాలలు అదే చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు! 2022లో వెలువడిన మరో పరిశోధనలో 19 దేశాలకు చెందిన 3,878 మందిని పరీక్షించారు. పెన్ను సంగతి తేలలేదు గాని, కావాలని పెదవి కొసలు చెవుల వైపు లాగి బుగ్గలెత్తిన వారికి సంతోషం కొద్దిగా పెరిగింది. కొద్దిగానే సుమా!

సరే, మనమూ చూద్దామనుకుని పదిహేను రోజులు హాస్టల్ అద్దం ముందు రోజూ నవ్వాను. “ఎవరు గురూ ఆ అమ్మాయి?” అన్నాడు నా రూమ్మేటు. ఫలితం చెప్పాలంటే, మామూలు విసుగు ఉన్న రోజుల్లో కాస్త పనిచేసింది. ఇంటి నుంచి ఫోనొచ్చిన రోజుల్లో అసలు పనిచేయలేదు.

సంక్రాంతి సెలవుల్లో ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే, నాన్న అరుగు మీద ఒక్కడే లెక్కల పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. ముఖంలో నవ్వు లేదు. అప్పుడర్థమైంది, చేలో ఆయన నవ్వింది నా కోసమని. వెళ్ళి పక్కన కూర్చుని, “బాకీ ఎంత నాన్నా?” అన్నాను. మొదటిసారి అంతా చెప్పాడు.

“నేను చదువు మానేస్తాను” అన్నాను.

“మానితే వడ్డీ తగ్గుతుందంట్రా?”

ఇద్దరం నవ్వేశాం. ఈసారి నాన్న కళ్ళ చివర ముడతలు పడ్డాయి. బుగ్గల కండరాన్ని మన ఇష్టమొచ్చినట్టు లాగవచ్చు గాని, కంటి చుట్టూ ఉన్న కండరం నిజమైన సంతోషానికే కదులుతుందని ఫ్రెంచి వైద్యుడు డుషెన్ 1862లో రాశాడు. ఆ రాత్రి బాకీలో ఒక్క రూపాయి తగ్గలేదు. అయినా ఇద్దరం నిద్రపోగలిగాం. నేను చదువు మానలేదు.

మిత్రులారా! పొద్దున్నే అద్దం ముందు ఒకసారి నవ్వి చూడండి. ఖర్చు లేని పని. కాని నవ్వుతున్నాడు కదా అని పక్కవాడికి ఏ బాధా లేదనుకోకండి. బాధలో ఉన్నవాడిని “కాస్త నవ్వరా” అని వేధించనూ వద్దు. ముందు పక్కన కూర్చుని, “ఏమైందిరా?” అని అడగండి. నవ్వు దాని దారిన అదే వస్తుంది.