పొన్నుకర్ర

మా చంద్రపూర్‌లో యాభై దాటిన తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాట ముందు పెన్షన్ మీదికి, ఆ వెంటనే మోకాళ్ళ మీదికి పోతుంది. బొగ్గు గనుల్లో ఏళ్ళ తరబడి వంగి నడిచినవాళ్ళం, లేదా అట్లా నడిచినవాళ్ళ పిల్లలం. ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చెప్తారు. ఒకరు ఆముదం రాయమంటారు, ఒకరు జిల్లేడాకు వేడిచేసి కట్టమంటారు, నాగపూర్‌లో ఆపరేషన్ చేయించుకొని లేచి నడిచిన మనిషి కథ ఇంకొకరు చెప్తారు. ఇన్ని చెప్పినవాళ్ళే, "ఒక కర్ర పట్టుకోరాదా?" అంటే మాత్రం ముఖం గంటు పెట్టుకుంటారు. అనరాని మాటేదో అన్నట్టు చూస్తారు.

భాషలో కర్రకు మనం ఏ లోటూ చేయలేదు. చేతికర్ర, ఊతకర్ర, దుడ్డుకర్ర, ములుకోల. చివర ఇనుప తొడుగు వేస్తే దాని పేరు పొన్ను, ఆ కర్ర పొన్నుకర్ర. మా కరీంనగర్ వైపు అన్నిటినీ కలిపి కట్టె అంటాం, ఇక్కడి మరాఠీవాళ్ళు కాఠీ అంటారు. గొర్రెలకాపరి చేతిలో కర్ర ఉంటే వానికి వయసు మళ్ళిందని ఎవరూ అనరు. పోలీసు చేతిలో ఉంటే భయపడతారు. అదే కర్ర మామూలు మనిషి చేతికి వచ్చేసరికి దానికి ముసలితనం అంటుకుంటుంది. ఎందుకో మరి.

ఇదంతా నేను రాయడానికి కారణం మా బావ. మా అక్క భర్త. లాల్‌పేట గనిలో బొగ్గు నింపే పనిలో చేరి, అక్కడే రిటైరైన మనిషి. నేను కూడా గనుల ఆఫీసులో హాజరీ బాబుగా పనిచేసి బయటపడ్డవాణ్ణే. మేము ఆరేడుగురం చలికాలం ఆదివారాల్లో నడకకు పోయేవాళ్ళం. ఇక్కడ మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది కనుక నడకైనా కొండైనా కార్తీకం నుంచి మాఘం దాకానే. ఒక వారం గోండురాజుల కోటగోడ, ఒక వారం మాణిక్‌గఢ్. 2022 చలికాలంలో బావకు ఎడమ మోకాలు పట్టేసింది. ఎక్కేటప్పుడు ఫరవాలేదు, దిగేటప్పుడే ప్రాణం పోయేది. మొదట కొండ మానేశాడు. తర్వాత కోటగోడ మానేశాడు. తర్వాత బజారు. ఏడాది తిరిగేసరికి గుమ్మం దిగడమే లేదు. షుగరు పెరిగింది, కళ్ళు తిరగడం మొదలైంది. ఒకరోజు అక్క ఫోన్ చేసి, "తమ్మీ, మీ బావ టీవీ ముంగట బొమ్మలెక్క కూసుంటుండు. గట్ల కూసునే పోతడేమోరా" అని ఏడ్చింది.

అప్పటికి మా అబ్బాయి పుణే నుంచి నాకు ఒక జత కర్రలు పంపి ఉన్నాడు. ముసలితనానికి కొడుకే చేతికర్ర అంటారు కదా, మావాడు తను రాలేక రెండు కర్రలు పంపాడని మా ఆవిడ వేళాకోళం. కొండలెక్కేవాళ్ళు వాడే ట్రెకింగ్ పోల్స్ అవి. మడిస్తే రెండడుగులు, సాగదీస్తే నాలుగున్నర అడుగులు. ఒక్కోటి పావుకిలోకు అటూఇటూ తూగుతుంది. నేను వాటిని ఏడాది పైగా వాడాను కనుక కొనదలచినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పగలను.

అన్నిటికంటే ముందు చూడవలసింది బిగింపు. లోపల మెలితిప్పి బిగించే రకం చవక. కాని మా ఊరి బొగ్గుదుమ్ము, చెమట అందులో చేరితే బిగిసినట్టే ఉండి బరువు మోపగానే సర్రున కుంగుతుంది. దిగుడులో అట్లా కుంగితే మనిషి బోర్లా పడతాడు. పైన మీట పెట్టి నొక్కే రకం నయం. బిగిసిందీ లేనిదీ కంటికి కనిపిస్తుంది. అయినా బయలుదేరే ముందు ఒంటి బరువంతా వేసి ఒకసారి నొక్కి చూడాలి. కార్బన్ కర్ర తేలిక, ఖరీదెక్కువ. రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే పుటుక్కున విరుగుతుంది. అల్యూమినియం వంగుతుంది. వంగినదాన్ని పట్టుకొని ఎట్లాగో ఇల్లు చేరవచ్చు, విరిగినదాంతో చేరలేం. కనుక నా ఓటు అల్యూమినియానికే. లోపల స్ప్రింగు పెట్టామని చెప్పి ఎక్కువ డబ్బు అడుగుతారు, అది లేకున్నా నడక ఆగదు. పిడి మాత్రం కార్కుదైతే మంచిది. రబ్బరు పిడి మన చెమటకు జారి అరచేతులు బొబ్బలెక్కుతాయి.

పొడవు సంగతి సులువు. నిటారుగా నిలబడి, కర్ర మొన పాదం పక్కన నేలకు ఆనించి పిడి పట్టుకుంటే మోచేయి మూలమట్టంలా వంగాలి. ఎక్కేటప్పుడు అందులో నాలుగు వేళ్ళు తగ్గించాలి, దిగేటప్పుడు అంత పెంచాలి. మణికట్టు పట్టీని చాలామంది గాజు తొడిగినట్టు పైనుంచి తొడుక్కుంటారు. చెయ్యి పట్టీలోకి కిందినుంచి పైకి దూర్చి, పట్టీనీ పిడినీ కలిపి పట్టుకోవాలి. అప్పుడు బరువు పట్టీ మోస్తుంది, వేళ్ళు వదులుగా ఉన్నా సరిపోతుంది. బాగా రాళ్ళున్న చోట, పడతామేమోనన్న చోట మాత్రం చెయ్యి పట్టీలోంచి తీసేయాలి. లేకపోతే కర్రతోపాటు మణికట్టు కూడా మెలిపడుతుంది. మొనకు గట్టి లోహపు ముక్క ఉంటుంది, అది మట్టికి, కంకరకు. రోడ్డు మీద, బండ మీద దానికి రబ్బరు టోపీ తొడగాలి, లేదంటే టకటకమని ఊరంతా లేస్తుంది.

ఇక నడక. ఎడమ కాలితో కుడి కర్ర, కుడి కాలితో ఎడమ కర్ర. మామూలుగా చేతులు ఊగే తీరే అది. ఆలోచిస్తే తప్పుతాం, ఆలోచించకపోతే దానంతట అదే వస్తుంది. ఒక్క కర్రే ఉంటే నొప్పి లేని వైపు చేతిలో పట్టుకోవాలి. ఈ మాట చెప్తే ఎవరూ నమ్మరు. నొప్పి ఎడమ మోకాలికైతే కర్ర ఎడమ చేతిలో పెట్టుకొని, ఆ పక్కకే ఒరిగి, ఆ కాలి మీదే ఇంకా బరువు వేస్తారు. కుడి చేతిలో పట్టుకొని, నొప్పికాలు ముందుకు వేసినప్పుడే కర్రనూ ముందుకు వేస్తే ఆ కాలు మోయవలసిన బరువులో కొంత కర్ర పంచుకుంటుంది, ఒళ్ళు ఒరగదు.

పంచుకోవడం అన్నది ఊరికే అనలేదు. ఆస్ట్రియా దేశంలోని సాల్జ్‌బర్గ్ పరిశోధకులు 1999లో ఒక లెక్క ప్రకటించారు. ఏటవాలు దారిలో కొందరిని కర్రలతోనూ, కర్రలు లేకుండానూ దింపి కొలిస్తే, మోకాలి కీలు మీద పడే భారం కర్రలతో 12 నుంచి 25 శాతం దాకా తగ్గిందట. ఇది దిగుడు సంగతి. చదునుమీద అంత లాభం ఉండదు. పైగా చేతులు కూడా పనిచేస్తాయి కనుక ఆయాసం తగ్గుతుందనుకోవడం పొరపాటు.

ఈ లెక్కంతా చెప్పి కర్రలు చేతికిస్తే బావ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి మంచుల జారెటోళ్ళయి గదరా బామ్మర్ది. నాకెందుకు? పట్టుకొని బస్తీల తిరిగితే పోరగాండ్లు ఎంబడి పడుతరు" అన్నాడు. సరే, వెదురుకర్ర తెస్తానన్నాను. "అదైతే ముసలోడంటరు" అన్నాడు.

నిజానికి చంద్రపూర్‌వాడు కర్ర కోసం పుణే వైపు చూడడమే నగుబాటు. మా చుట్టూ ఉన్నది వెదురడవి. 1945లో మొదలైన బల్లార్‌పూర్ కాగితపు మిల్లుకు దశాబ్దాలపాటు ఈ వెదురే మేత. దగ్గర్లోని చిచ్‌పల్లిలో వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రమే ఉంది. పక్క గడ్చిరోలి జిల్లాలో లేఖా-మేండా అనే గోండు పల్లె తన అడవిలోని వెదురు తనదేనని పోరాడి, 2011లో దాన్ని అమ్ముకునే అనుమతి పుస్తకం గ్రామసభ చేతికే తెచ్చుకుంది. ఇక్కడ పెరిగేది ఎక్కువగా సాదనపు వెదురు. మెరక నేలలో, నీళ్ళు తక్కువైన చోట పెరిగితే లోపల బోలు దాదాపు ఉండదు. లాఠీలు దానితోనే చేస్తారు. మూడేళ్ళు దాటిన బొంగు కావాలి, కణుపులు దగ్గరదగ్గరగా ఉండాలి. కొట్టిన తర్వాత కొన్ని వారాలు నీళ్ళలో నానేస్తే అందులోని పిండి కారిపోయి పురుగు పట్టదు. సన్నని మంట మీద కాచి వంకర తీసి, నూనె పట్టిస్తారు. మరాఠీలో బురుడ్‌లంటారు, మనవాళ్ళు మేదర్లంటారు, వాళ్ళకు ఇది వెన్నతో పెట్టిన విద్య. అల్యూమినియం కర్రకంటే బరువే, మడత పడదు, బస్సులో పక్కవాళ్ళకు తగులుతుంది. కాని నేలను తాకినప్పుడు అది చేతికి చెప్పే మాట లోహపు కర్ర చెప్పదు.

ఆ రోజుల్లోనే తిరుమల కర్రల గొడవ నడుస్తున్నది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నపాపను చిరుత పొట్టన పెట్టుకుంది. తర్వాత నెలలో దేవస్థానంవాళ్ళు నడిచి ఎక్కే భక్తుల చేతికి కర్రలివ్వడం మొదలుపెట్టారు. కర్రతో చిరుతను ఆపుతారా అని జనం నవ్వారు. మా జిల్లాలో ఆ నవ్వు రాదు. తాడోబా చుట్టుపక్కల ఇప్పపువ్వుకు, తునికాకుకు పోయినవాళ్ళు ఏటా పులి వాత పడుతూనే ఉన్నారు. పోయేవాళ్ళందరి చేతుల్లోనూ కర్రలుంటాయి. కర్ర పులిని ఆపదని వాళ్ళకు మనకంటే బాగా తెలుసు. రాయి మీద, చెట్టు మీద కొట్టుకుంటూ పోతే మనిషి వస్తున్నాడని అడవికి ముందే తెలుస్తుంది, అంతే. ఇక అలిపిరిలో 3,550 మెట్లు. ఆ మెట్ల మీద చిరుత సంగతి ఎట్లున్నా, కర్ర మోకాళ్ళకైతే పనికివచ్చే ఉంటుంది. ఆ మాట ఎవరూ అనలేదు.

మా ఇంట్లో తలుపు వెనక ఒక పొన్నుకర్ర ఉంది. మా బాపుది. బాపు 1960లలో పెద్దపల్లి దగ్గరి పల్లె విడిచి, బల్లార్షా బండెక్కి ఇక్కడికి వచ్చి గనిలో పడ్డాడు. పరీక్ష రాసి మైనింగ్ సర్దార్ అయ్యాడు. సర్దార్ అంటే కూలీలు లోపలికి పోకముందే పోయి కప్పు చూడవలసినవాడు. పొన్నుకర్రతో కప్పును తట్టి, చెవి పెట్టి వింటాడు. గట్టిగా ఉంటే ఠంగుమంటుంది. లోపల పెచ్చు విడిచి ఉంటే పాత డోలు మోగినట్టు డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికితే ఆ చోటికి మనిషిని పోనీయడు, దిమ్మెలు పెట్టించాకే పోనిస్తాడు. ఆ కర్ర మాట విని ఎంతమంది సాయంత్రం ఇల్లు చేరారో లెక్క ఎవరు రాశారు? హాజరీ పుస్తకంలో వచ్చినవాళ్ళ పేర్లే కదా ఉండేవి. బావ ఆ సర్దార్ కింద పనిచేసినవాడే. తర్వాతే అల్లుడయ్యాడు. బాపు పోయి పాతికేళ్ళు దాటినా ఆయన పేరెత్తితే ఇప్పటికీ కూర్చున్నచోట సర్దుకుంటాడు.

2024 జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే ఆ కర్ర తీసుకొని బావ ఇంటికి పోయాను. "బావా, నాకు రెండు చేతుల్లో ఇవున్నయి. మామ కట్టె జర నువ్వు పట్టుకొస్తవా? కోటగోడ దాకనే" అన్నాను. ముసలితనం మాట, మోకాలి మాట ఎత్తనేలేదు. కర్ర అందుకొని పొన్ను ఒకసారి తుడిచి చూశాడు. చెప్పులేసుకున్నాడు. అక్క వంటింట్లోంచి చూస్తూ ఒక్క మాట మాట్లాడలేదు.

మా కోటగోడ ఊరి చుట్టూ మైళ్ళ పొడవున ఉంటుంది. చెత్తాచెదారం, ముళ్ళకంపలతో పూడిపోయి ఉంటే 2017లో ఎకో-ప్రో సంస్థ కుర్రాళ్ళు వందల రోజులు ఒళ్ళు వంచి బాగుచేశారు. ప్రధాని రేడియో ప్రసంగంలో కూడా ఆ మాట వచ్చింది. ఎగుడుదిగుడు రాళ్ళు, మెట్లు, ఏటవాలు. కర్రతో నడక నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు. తట్టే చెయ్యి అలవాటు కొద్దీ బావ కర్రను కుడి చేతనే పట్టుకున్నాడు. నొప్పి ఎడమ మోకాలికి. నేను చెప్పవలసిన పని తప్పింది. మొదటి రోజు అంచలేశ్వర్ దర్వాజా దగ్గర రెండు వందల అడుగులు నడిచి కూర్చున్నాడు. ఎండాకాలం వచ్చేలోగా పఠాన్‌పురా దర్వాజా దాకా పోయివచ్చేవాడు.

ఆ డిసెంబరులో మాణిక్‌గఢ్ పోయాం. గడ్‌చాందూర్ దాటి జివతి పోయే దారిలో ఉంటుంది. నాగవంశపు రాజులు కట్టిందని చెప్తారు. అదంతా రాజురా వైపు నేల, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అందుకే ఆ వైపు పోతే మాకు పరాయి చోటనిపించదు. ఎక్కడం ఎట్లాగో ఎక్కాం. దిగేటప్పుడు రాళ్ళ మీద ఎండుటాకులు పరుచుకొని ఏది రాయో ఏది సందో తెలియడం లేదు. నాకు రెండు కర్రలు, బావకు ఒకటి. బాపు కర్ర నా కర్రలకంటే జానెడు పొడవు, దిగుడుకు ఆ పొడవే కలిసివచ్చింది. కింది మెట్టున మొన ఆనించి, రెండు చేతులా పట్టుకొని, నొప్పికాలు మెల్లగా దించుతున్నాడు. దించే ముందు ప్రతి రాయినీ ఒకసారి తడుతున్నాడు. ఒకచోట నేను ముందుకు పోబోతుంటే కర్ర అడ్డం పెట్టాడు.

"డొల్ల. పక్కకు రా."

కాలితో తోసి చూస్తే బండ ఊగింది. బాపు గొంతుతోనే అన్నట్టు అనిపించి నేను మారుమాట్లాడకుండా పక్కకు జరిగాను. కిందికి చేరేసరికి మామూలుకంటే గంట ఎక్కువ పట్టింది. బావ బస్సెక్కేటప్పుడు మాత్రం కండక్టరు చూస్తాడని కర్ర నా చేతికిచ్చాడు.

ఇప్పటికీ అంతే. కర్ర మా ఇంటి తలుపు వెనకే ఉంటుంది, తన ఇంటికి తీసుకుపోడు. ఆదివారం పొద్దున మూడు గల్లీలు గోడలు పట్టుకొని వట్టి చేతులతో వస్తాడు, కర్ర అందుకున్నాకే నడక మొదలవుతుంది. షుగరు కొంత దిగిందని అక్క చెప్పింది. మోకాలు మోకాలిలాగే ఉంది. పొన్ను బాగా అరిగిపోయింది, కమ్మరి దగ్గర కొత్తది వేయించాలి. పాతది పారేయొద్దని బావ ముందే చెప్పిపెట్టాడు.